ఎనిమిదో రోజు

మా కొట్టుకి బడులు తెరిచే ముందరి ఆరు వారాలే అసలు కాలం. మిగతా ఏడాదంతా జిప్పులు మార్చడం, ప్యాంటు అంచులు పొట్టి చేయడం, లావైనవాళ్ళకి నడుం వదులు చేయడం, ఇంతే. ఆ ఆరు వారాలూ మాత్రం కొట్టు నిండా యూనిఫారం గుడ్డే. బూడిదరంగు గౌన్లూ లాగులూ, తెల్ల చొక్కాలూ. నేను కత్తిరించి మిషన్ మీద కుడతాను. నా భార్య గుమ్మం పక్కన వెలుతురు పడేచోట స్టూలు వేసుకుని కాజాలు తీసి బొత్తాలు కుడుతుంది. మాట్లాడుతూనే కుడుతుంది. ఆవిడ నోరు కదలకుండా చేతులు మాత్రమే కదులుతున్నాయంటే ఏదో ఆలోచిస్తోందని అర్థం. అప్పుడు నేను పలకరించను.

ఆ ఏడు మా చిన్నది కూడా బడిలో చేరాలి. ఐదు నిండాయి. ఇంట్లో దాన్ని బుడ్డది అంటాం. దాని గౌను అందరికంటే ముందే కుట్టేశాను. కుట్టిన మర్నాటి నుంచీ అది ఆ గౌను వేసుకునే అన్నం తింటోంది, ఆ గౌనుతోనే పడుకుంటోంది. "బడి తెరిచేసరికి దీన్ని నేల తుడవడానికి వాడుకోవచ్చు," అనేది వాళ్ళమ్మ.

బడి గేటుకి అంటించిన కాగితం సంగతి మొదట పాల వ్యాను డ్రైవరు చెప్పాడు. కొడుక్కి లాగుల కొలతలు ఇవ్వడానికి వచ్చాడు.

"టైలరుగారూ, సూది సంగతి విన్నారా?"

"ఏ సూది?"

"మీ సూది కాదు లెండి, ఆస్పత్రి సూది. ఈ ఏటి నుంచి టీకాలన్నీ వేయించినట్టు కార్డు చూపిస్తేనే పిల్లల్ని చేర్చుకుంటారట. ఆల్రెడీ చదువుతున్నవాళ్ళకి ఏడాది ఆఖరుదాకా టైమిచ్చారు. కొత్తవాళ్ళకి అదీ లేదు."

నేను టేపు చుట్టి పక్కన పెట్టాను. నా భార్య తలెత్తలేదు. నోరు మూసుకుని కుడుతోంది.

బుడ్డదానికి పుట్టినప్పుడు వేసినవి తప్ప ఇంకే టీకా లేదు. వేయించొద్దన్నది నేనే. కారణం మా పెద్దది. పెద్దదానికి పదిహేనో నెలలో తట్టు టీకా వేయించాం. ఎనిమిదో రోజున ఒళ్ళు కాలిపోయే జ్వరం, ఆ జ్వరంలో ఫిట్స్. మూడు రోజులు ఆస్పత్రిలో ఉన్నాం. టీకా వల్లే కదా అనడిగితే, అక్కడున్న కుర్ర డాక్టరు నా ముఖం కూడా చూడకుండా, "వారం దాటాక వచ్చింది దానివల్ల ఎలా అవుతుంది?" అని తేల్చేశాడు. పిల్ల కోలుకుంది. నేనే కోలుకోలేదు. ఇది జరిగి ఎనిమిదేళ్ళయినా ఆ మాట నా చెవిలో అలాగే ఉండిపోయింది.

ఆ వారమంతా కొట్లో ఇదే గోల. గుడ్డ ఇవ్వడానికి వచ్చినవాళ్ళు కొలతలు మర్చిపోయి వాదనకి దిగేవాళ్ళు. "నా బిడ్డ ఒంట్లోకి ఏం ఎక్కించాలో బడివాళ్ళెవరు చెప్పడానికి?" అని ఒకాయన. "మీ బిడ్డ దగ్గితే మా బిడ్డ మీద పడుతుంది కాబట్టి," అని ఇంకొకావిడ. ఎవరి మాట వాళ్ళకి సబబే. నన్నడిగితే పెద్దదాని సంగతి చెప్పేవాణ్ణి. చెప్పినప్పుడల్లా కొట్టు నిశ్శబ్దమైపోయేది.

ట్యూషన్ మాస్టారు ఆ నిశ్శబ్దాన్ని విన్నాడు. మా వీధి చివర పిల్లలకి లెక్కలు చెప్పే పెద్దాయన. మనవణ్ణి అదే బడిలో చేర్చాలి. చెడ్డవాడేం కాదు. ఆయన పట్టుదలంతా ఒక్క మాట మీదే. వేయించుకోమని చెప్పండి, వేయించుకోకపోతే బడికి రావద్దని చెప్పకండి.

"ఏమయ్యా, ఇది నా దగ్గర కాదు, నలుగురిలో చెప్పాలి," అన్నాడు. "ఆదివారం లైబ్రరీ మేడ మీద కూర్చుంటున్నాం. నువ్వు రావాలి."

"నాకు మాట్లాడడం రాదు మాస్టారూ."

"మాట్లాడడం వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఇంట్లో జరిగినవాడివి నువ్వొక్కడివే."

వెళ్ళాను. అరవైమంది దాకా వచ్చారు. ముందు కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాను. మొదలుపెట్టాక మాత్రం మాట దానంతటదే వచ్చింది. పిల్ల కళ్ళు తేలేయడం, చేతులు బిగుసుకుపోవడం, నోటి పక్క నురగ, అన్నీ చెప్పాను. ముందు వరసలో ఒకావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అది చూశాక ఇంకో మాట కూడా నా నోటి నుంచి వచ్చేసింది.

"ఆ రోజు నుంచీ మా పెద్దమ్మాయికి నత్తి," అన్నాను.

హాలంతా "అయ్యో" అంది. దిగి వస్తుంటే ముక్కూ మొహం తెలియనివాళ్ళు నా చెయ్యి పట్టుకున్నారు. ఇరవై ఏళ్ళుగా నేను ఊళ్ళోవాళ్ళ ఒళ్ళు కొలిచే మనిషినే తప్ప, నా మాట కోసం ఎవరూ ఆగింది లేదు. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వస్తుంటే ఒళ్ళు తేలిగ్గా ఉంది. అబద్ధమెందుకు, బాగుంది.

నా భార్య ఆ మీటింగుకి రాలేదు. కానీ విషయం నాకంటే ముందే ఇంటికి చేరింది.

"నత్తి ఆ రోజు నుంచే అన్నారట?"

"అన్నాను."

"నాలుగో ఏట కదా వచ్చింది దానికి. అప్పటిదాకా వీధిలో వాగుడుకాయ అని పేరు."

"ఎప్పుడొస్తేనేం, వచ్చింది కదా."

 ఆవిడ సూదిలోకి దారం ఎక్కించుకుంది.

పెద్దది అప్పుడు పక్క గదిలో ఉందని నాకు తెలుసు. వినలేదనుకున్నాను. అనుకోవడం తేలిక కాబట్టి అనుకున్నాను.

బుధవారం బస్సు కండక్టరమ్మ వచ్చింది. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, భుజాన తోలు సంచీ అలాగే ఉంది. వెంట ఏడేళ్ళ పాప. ఎండాకాలంలో ఉన్ని టోపీ, ముక్కూ నోరూ మూసే మాస్కు. పోయినేడు కూడా ఆ పాపకి నేనే కుట్టాను. అప్పుడు రెండు జడలుండేవి.

టేపు వేశాను. ఛాతీ ఇరవై రెండు. కొలతల పుస్తకంలో పోయినేటి పేజీ తీసి చూశాను. ఇరవై నాలుగు. నేను తప్పు కొలిచాననుకుని మళ్ళీ వేశాను. ఇరవై రెండే. పిల్లల కొలతలు ఏడాది తిరిగేసరికి పెరగడం నేను వేలసార్లు చూశాను. తగ్గడం అదే మొదటిసారి.

కండక్టరమ్మ నా చేతిలో పుస్తకం చూసింది.

"కాస్త వదులుగానే కుట్టండి," అంది. "లోపల గుడ్డ కూడా వదలండి. మళ్ళీ ఒళ్ళు చేస్తుందన్నారు."

"అలాగేనమ్మా."

"దీనికి రక్తం జబ్బు. మందులు నడుస్తున్నన్నాళ్ళూ టీకాలు వేయకూడదన్నారు. చుట్టూ ఉన్న పిల్లలకి వేయించి ఉంటే దీని దాకా ఏదీ రాదని చెప్పారు." సంచీ పట్టీ సర్దుకుంది. "మీరు లైబ్రరీలో మాట్లాడారని విన్నానండీ. మీ పాప సంగతి విని నాకూ బాధేసింది. మిమ్మల్ని తప్పు పట్టడానికి రాలేదు. ఇప్పటిదాకా నేను కుట్టించింది మీ దగ్గరే, అందుకని వచ్చాను."

పుస్తకం మూశాను. "శనివారానికి రెడీగా ఉంటుంది," అన్నాను.

వాళ్ళు వెళ్ళాక చాలాసేపు మిషన్ తొక్కలేదు. గుమ్మం దగ్గర నా భార్య చేతిలో చొక్కా అలాగే ఉంది. కాజా సగంలో ఆగింది. ఆవిడ వీధిలోకి చూస్తోంది. ఆ టోపీ మలుపు తిరిగేదాకా చూసింది.

శుక్రవారం మాస్టారు మళ్ళీ వచ్చాడు. బడి కమిటీ దిగి వచ్చిందట. ఎల్లుండి కాక ఆపై ఆదివారం బడి హాల్లోనే తల్లిదండ్రుల సభ పెట్టి, అందరి మాటా విని అప్పుడు నిర్ణయిస్తారట.

"ఈసారి నువ్వొక్కడివే కాదు," అన్నాడు. "అమ్మాయిని కూడా తీసుకురా. రెండు ముక్కలు మాట్లాడితే చాలు. మనం గంటసేపు చెప్పేది ఆ పిల్ల ఒక్క నిమిషంలో చెప్పేస్తుంది."

నా భార్య ఇంట్లో ఉంది కాబట్టి సరిపోయింది. "అడిగి చూస్తాను మాస్టారూ," అన్నాను.

మర్నాడు పొద్దున్నే నా భార్య బుడ్డదాన్ని వెంటపెట్టుకుని తన అక్క ఇంటికి వెళ్ళొస్తానంది. కొట్లో నేనూ పెద్దదీ మిగిలాం. అది కాలర్లు మడిచి ఇస్తోంది. తొమ్మిదిన్నరేళ్ళ పిల్ల. మాట తడబడుతుందే గానీ పని తడబడదు. బేరం లేనప్పుడు కొట్టు వెనక బట్టలు వేసుకుని చూసుకునే చిన్న అరలోకి వెళ్ళి తెర వేసుకుని, అద్దం ముందు నిలబడి పాఠం గట్టిగా చదువుకుంటుంది. ఎవరూ నేర్పలేదు. తనంతట తనే కనిపెట్టుకుంది.

సభ సంగతి చెప్పాను. మాస్టారు రమ్మన్నారని చెప్పాను.

అది కాలరు మడత మీద గోరుతో గీస్తూ విన్నది.

"నేను మాట్లాడాలా నాన్నా?"

"రెండు ముక్కలే."

మడిచిన కాలరు పక్కన పెట్టింది. తర్వాత చాలా మామూలుగా, యూనిఫారానికి ఏ రంగు దారం వాడాలి అని అడిగినట్టు అడిగింది.

"న... నత్తిగానే మాట్లాడాలా? ఎందుకంటే, ఈమధ్య కొంచెం తగ్గింది నాకు."

నేను మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టాను, తిప్పడానికి. తిప్పలేదు. బాబిన్‌లో దారం అయిపోయిందేమో అని తీసి చూశాను. దారం నిండుగా ఉంది.

"ఆ కాలర్లు ఇలా ఇవ్వమ్మా," అన్నాను.

సభ గురించి ఆ తర్వాత నేను దాన్ని అడగలేదు.

ఆదివారం సాయంత్రం నా భార్య ఆఖరి ఆర్డరు బొత్తాలతో తలమునకలై ఉంది. బుడ్డదానికి స్నానం నేను చేయించాను. గౌను విప్పించడమే పెద్ద యుద్ధం. చెంబుతో నీళ్ళు పోసి సబ్బు రుద్దుతుంటే ఎడమ చెయ్యి వెనక్కి లాక్కుంది. భుజం కింద చిన్న గడ్డ. చుట్టూ కాస్త ఎర్రగా ఉంది. మధ్యలో చుక్క.

"ఏమైంది ఇక్కడ?"

"అమ్మ చెప్పద్దంది," అంది బుడ్డది. వెంటనే నాలుక కరుచుకుంది.

నా చేతిలో సబ్బు జారిపోయింది. వెతికి తీశాను. మిగతా చెయ్యి రుద్దాను, వీపు రుద్దాను, కాళ్ళు రుద్దాను. ఆ గడ్డ మీద మాత్రం నీళ్ళు మెల్లగా పోశాను. తుడిచి బట్టలు తొడిగేసరికి మనసులో లెక్క పూర్తయింది. నిన్న శనివారం. నిన్నటికి ఎనిమిదో రోజు వచ్చే ఆదివారం. సభ కూడా ఆ రోజే.

పిల్లలిద్దరూ ఆడుకోవడానికి మేడ మెట్ల మీదికి వెళ్ళాక ఆవిడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. అరిచి ఉండేవాణ్ణే. ఆవిడే ముందు అంది.

"చూశారా?"

"నాకు చెప్పకుండా తీసుకెళ్ళావు."

"చెప్తే తీసుకెళ్ళనిచ్చేవారా?"

"ఇచ్చేవాణ్ణి కాదు."

"మరి?"

 "అన్నీ తెలిసి ఎలా వేయించావు? నీకు భయం వేయలేదా?" అన్నాను.

"ఇప్పటికీ వేస్తోంది." ఆవిడ సూదిని చొక్కాకి గుచ్చి పక్కన పెట్టింది. "ఆ రోజు పెద్దదానికి ఫిట్స్ వచ్చింది నా ఒళ్ళో. మీరు కొట్లో ఉన్నారు. కబురందుకుని వచ్చేసరికి అది నిద్రపోతోంది కూడా. ఆ కళ్ళు తేలేయడం, ఆ నురగ, అవన్నీ నేను చెబితేనే మీకు తెలుసు. నేను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు. మీరు ఊరందరికీ చెప్పారు."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలికయ్యేది.

"వార్డు ఆస్పత్రి నర్సమ్మని అడగండి, అక్కడ ఏం జరిగిందో," అంది. "నామీద కోపం ఉంటే ఎనిమిది రోజులయ్యాక చూపించండి. ఇప్పుడు తీరిక లేదు."

సోమవారం పొద్దున కొట్టు తీయకుండానే వార్డు ఆస్పత్రికి వెళ్ళాను. పోట్లాడడానికే వెళ్ళాను. దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాను. టీకాల గదిలో నీలం బెంచీ, గోడకి పిల్లల బరువుల పట్టిక, మూలన టీకాలు పెట్టే ఐసు పెట్టె. నర్సమ్మ పొట్టిగా ఉంది, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఉంది. నేనెవరో చెప్పగానే సొరుగులోంచి ఒక కాగితం తీసింది.

"మీకోసమే చూస్తున్నాను. కూర్చోండి. మీ ఆవిడ మొన్న గంటసేపు ఉంది. సూది వేయబోతుంటే ఆపింది. ముందు మా పెద్దమ్మాయికి జరిగింది రాసుకోండి, ఆ తర్వాతే చిన్నదానికి వేయండి అంది."

కాగితం మీద తేదీలున్నాయి. పదిహేనో నెల. ఎనిమిదో రోజు. జ్వరం ఎంత, ఫిట్స్ ఎంతసేపు, ఆస్పత్రిలో ఎన్ని రోజులు. అంతా నా భార్య చెప్పినట్టే, ఒక్క మాట ఎక్కువా తక్కువా లేకుండా.

"వారం తర్వాత వచ్చింది టీకా వల్ల కాదన్నారు అప్పుడు," అన్నాను. వెంట తెచ్చుకున్న మాటల్లో అదే మొదటిది.

"ఎవరన్నారు?"

"ఇక్కడి డాక్టరే. చాలా ఏళ్ళైంది."

"తప్పు చెప్పారు," అంది నర్సమ్మ. "ఈ టీకాకి జ్వరం వస్తే ఆ మర్నాడు రాదు. ఐదో రోజు నుంచి పన్నెండో రోజు లోపల వస్తుంది. జ్వరం బాగా ఎక్కితే వేలల్లో ఒకరికి ఫిట్స్ రావచ్చు. వచ్చినా తగ్గిపోతాయి, తర్వాతికి ఏమీ మిగలదు. కానీ మీ అమ్మాయికి వచ్చింది దీనివల్లే అయ్యుండొచ్చు. ముందే మీకు చెప్పి ఉండాలి. ఆ తర్వాతైనా ఒప్పుకుని ఉండాలి."

పేర్చుకున్న మిగతా మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి. ఆ ఒక్క మాట కోసం నేను ఎనిమిదేళ్ళు ఎదురుచూశానని అది విన్నాకే తెలిసింది. 

"కాస్త మంచినీళ్ళు ఉన్నాయా?" అనడిగాను.

ఇచ్చింది. తాగాను. అప్పుడు కాగితం కింది వైపు చూపించింది. అక్కడ ఒక గీత ఖాళీగా ఉంది. ఆ తర్వాత మిగిలిన ఇబ్బందులు ఏమైనా ఉంటే రాయమని.

"ఇది మీ ఆవిడ చెప్పలేదు. మా ఆయన్ని అడగండి అంది. చెప్పండి, రాస్తాను." కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని కలం పట్టుకుంది. "అమ్మాయికి నత్తి ఉందట కదా. ఎప్పుడు మొదలైంది?"

లైబ్రరీ మేడ మీద అరవైమంది ముందు ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో. ఇక్కడ ఒక్క మనిషి, ఒక్క కలం. చెబితే రాసేస్తుంది. రాస్తే ఉండిపోతుంది.

"నాలుగో ఏట," అన్నాను.

"అప్పటిదాకా?"

"గలగలా మాట్లాడేది. వాగుడుకాయ అనేవాళ్ళు."

"అయితే ఇక్కడ రాయనా, వద్దా?"

"వద్దు."

ఆవిడ ఆ గీత మీద అడ్డంగా చిన్న గీత కొట్టి, కాగితం నావైపు తిప్పింది. సంతకం చేశాను.

ఐదో రోజు నుంచీ నాకు పని మీద ధ్యాస లేదు. గంటకోసారి బుడ్డదాని నుదురు ముట్టుకునేవాణ్ణి. అది ఆటలో ఉండి నా చెయ్యి విదిలించుకునేది. ఒక చొక్కాకి రెండు ఎడమ చేతులు కుట్టేశాను. నా భార్య చూసి, కుట్లు విప్పి నా ముందు పెట్టింది. మా మధ్య మాటలు పని వరకే. నర్సమ్మ ఏమందో ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. కానీ పోట్లాటకి వెళ్ళినవాణ్ణి మంచినీళ్ళు అడిగి తాగి వచ్చానని ఆవిడకి ఎలాగో తెలుసు.

ఎనిమిదో రోజు పొద్దున బుడ్డది గౌను వేసుకోనంది. చెయ్యి వేసి చూస్తే కాలుతోంది. నూట రెండు. మందు వేశాం. నా భార్య తడిగుడ్డ తెచ్చి పక్కన కూర్చుంది. ఫిట్స్ వస్తే పక్కకి ఎలా తిప్పి పడుకోబెట్టాలో నర్సమ్మ ఇద్దరికీ చెప్పింది, దాన్ని ఇద్దరం మరొక్కసారి అనుకున్నాం. సభకి ఇంకా గంట ఉంది.

"నేను వెళ్ళను," అన్నాను.

"వెళ్ళండి," అందావిడ.

"దీన్నిలా వదిలేసి..."

"నేనున్నాను కదా. అప్పుడూ నేనే ఉన్నాను." గుడ్డ పిండి మళ్ళీ నుదుటి మీద వేసింది. "అక్కడ ఒక మాట సరిచేయాలి మీరు. అది నా వల్ల కాదు."

బడి హాలు కిక్కిరిసి ఉంది. మాస్టారు ముందు వరసలో నాకోసం కుర్చీ ఆపి ఉంచాడు. పక్కన ఇంకో కుర్చీ కూడా. "అమ్మాయి ఏది?" అన్నాడు. "రాలేదు మాస్టారూ," అన్నాను. గోడ వారగా తోలు సంచీతో కండక్టరమ్మ నిలబడి ఉంది.

నన్ను పిలిచినప్పుడు లేచాను. ఈసారి కుర్చీ పట్టుకోలేదు. మాటే తన్నుకుని రాలేదు.

"మా పెద్దమ్మాయికి టీకా వేసిన ఎనిమిదో రోజు ఫిట్స్ వచ్చాయి," అన్నాను. "అది నిజం. టీకా వల్ల వచ్చి ఉండొచ్చని మాకు ఎవరూ ముందు చెప్పలేదు, అడిగితే ఒప్పుకోలేదు. అదీ నిజం. నత్తి మాత్రం దానివల్ల కాదు. మొన్న నేను అలా అన్నాను. తప్పు చెప్పాను."

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. మాస్టారు వైపు చూడలేదు.

"మా చిన్నదానికి పోయిన శనివారం టీకా వేయించింది మా ఆవిడ. నన్ను అడగలేదు. ఇవాళ ఎనిమిదో రోజు. ఇంట్లో జ్వరంతో ఉంది. పెట్టాలనుకుంటే మీరు రూలు పెట్టండి, నేను కాదనను. పెడితే మాత్రం టీకాకి ముందు ఏమొస్తుందో చెప్పే మనిషిని పెట్టండి, తర్వాత ఏమొచ్చినా వినే మనిషిని కూడా పెట్టండి. మా నర్సమ్మ విన్నది. ఎనిమిదేళ్ళ ముందే ఎవరైనా విని ఉంటే నేను ఇక్కడిదాకా వచ్చేవాణ్ణి కాదు." ఇంకా ఏదో ఉంది అనుకున్నాను గానీ గుర్తురాలేదు. "నేను ఇంటికి వెళ్ళాలి," అన్నాను.

వెనక నుంచి ఎవరో "అమ్ముడుపోయాడు" అన్నారు. ఒకరిద్దరు చప్పట్లు కొట్టబోయి ఆపేశారు. గుమ్మం దగ్గర మాస్టారు నన్ను అందుకున్నాడు. కోపంగా లేడు, అదే బాధ.

"ఇంత పని చేస్తావనుకోలేదయ్యా," అన్నాడు.

"నేనూ అనుకోలేదు మాస్టారూ."

ఇంటికి వచ్చేసరికి జ్వరం నూట రెండు దగ్గరే ఉంది. బుడ్డది మగతగా పడుకుంది. నా భార్య నా ముఖం చూసి, కొంచెం జరిగి చోటిచ్చింది. నేను గుడ్డ తడపడం అందుకున్నాను. అంతవరకూ మెట్ల మీద కూర్చున్న పెద్దది లోపలికి వచ్చింది.

"ఏం చెప్పావు నాన్నా?"

చెప్పాను. ఉన్నదున్నట్టు. మొదటి మీటింగులో అన్నదీ, ఇవాళ అన్నదీ. అది నిలబడే విన్నది.

"అయితే నాకు న... నత్తి ఎందుకొచ్చింది?"

మా ఊళ్ళో ఆ నెల రోజులూ ప్రతివాడికీ అన్నీ తెలుసు. నాతో సహా.

"తెలీదమ్మా," అన్నాను.

 "స... సరే," అంది. వెళ్ళి చెల్లెలికి అటుపక్కన కూర్చుని, కాళ్ళ మీది దుప్పటి సరిచేసింది.

ఫిట్స్ రాలేదు. జ్వరం మూడో రోజున దిగింది, ఒంటి మీద కాసిని ఎర్రటి పొక్కులు కనిపించి అవీ పోయాయి. గౌను మళ్ళీ ఒంటి మీదికి ఎక్కింది. బడి కమిటీ రూలు ఉంచేసింది. కొత్తవాళ్ళకి కూడా మూడు నెలలు గడువిచ్చి, టీకాకి ముందు తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడే ఏర్పాటు ఆస్పత్రిలో పెట్టించింది. నా మాట వల్లే పెట్టారని చెప్పుకోను. మాస్టారు మనవణ్ణి దూరంగా ఇంకో బడిలో చేర్చాడు, ప్యాంటులు కూడా ఇంకో టైలరుకి ఇచ్చాడు. వీధిలో ఎదురుపడితే తల ఊపుతాడు, ఆగడు. ఆ వానాకాలం మొదట్లో రెండు వీధుల అవతల తట్టు వచ్చింది. మా బడిలోకి రాలేదు.

కోపం ఉంటే ఎనిమిది రోజులయ్యాక చూపించమంది నా భార్య, ఆ ఎనిమిదీ దాటిపోయాయి. నేను చూపించలేదు. ఆవిడ కూడా చూపించలేదు. ఎవరిది ఎక్కువో తేల్చుకునే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది. ఇప్పుడు ఇంట్లో ఏదైనా తేల్చాల్సి వస్తే ఆవిడ కాజా ఆపి నావైపు చూస్తుంది. నేనూ మిషన్ ఆపుతాను. అంతకుముందు ఆపేవాణ్ణి కాదు.

బడులు తెరిచిన రెండో వారంలో పెద్దదే అడిగింది. "నాకు రెండోది వేయించలేదు కదా. ఏడాది ఆఖరుదాకా ఎందుకు?" అంది. దానికి అన్నీ చెప్పాం. ఫిట్స్ సంగతి, ఎనిమిదో రోజు సంగతి. ఈ వయసులో రావడం అరుదని నర్సమ్మ అన్నది కూడా చెప్పాం. "వెళ్దాం," అంది. ఈసారి నేను తీసుకెళ్ళాను.

నీలం బెంచీ మీద మా ముందు నలుగురున్నారు. మా వంతు వచ్చింది. నర్సమ్మ కొత్త కార్డు తీసి కలం పట్టుకుంది.

"నీ పేరేంటమ్మా?"

పేరులో మొదటి అక్షరమే దానికి అన్నిటికంటే కష్టం. పెదాలు కలిశాయి, విడిపోలేదు. మెడ నరం బిగిసింది. వెనక బెంచీ మీద ఎవరో జరిగి కూర్చున్నారు. నేను ఎప్పటిలా చెప్పేయబోయి నోరు తెరిచాను. నర్సమ్మ నావైపు చూడలేదు. కలం కార్డు మీద ఆనించి పిల్ల ముఖంలోకే చూస్తోంది, సాయంత్రం దాకా టైమున్నట్టు.

నోరు మూసుకున్నాను.

గోడ గడియారం ముల్లు కదులుతూ ఉంది. అప్పుడు మా అమ్మాయి తన పేరు తను చెప్పింది, ఇంటిపేరుతో సహా.